సీడీ4 (రక్తంలో రోగనిరోధక కణాల లెక్క) బాగున్నా హెచ్‌ఐవీ మందులు వెంటనే ఎందుకు? పేద దేశాల్లో తేలింది ఏమిటి, ఆచరణలో ఎక్కడ తేడా కొడుతుంది?

వేపచెట్టు_నీడ అడిగిన ప్రశ్న:

ఊళ్లలో తిరిగే అవుట్‌రీచ్ కార్యకర్తల కోసం తెలుగులో ఒక శిక్షణ పుస్తకం తయారవుతోంది. మందులు ఎప్పుడు మొదలుపెట్టాలి అన్న అధ్యాయం దగ్గర పని ఆగిపోయింది. పదేళ్లకు పైగా మందులు వాడుతున్నవాళ్లు కార్యకర్తల్ని అడిగేది ఒకటే: "మాకు సీడీ4 350 కిందికి దిగేదాకా మందుల్లేవన్నారు. ఇప్పుడు 700 ఉన్నవాడికి కూడా ఇవాళే మింగమంటున్నారు. అప్పుడు మమ్మల్ని మోసం చేశారా, ఇప్పుడు వీళ్లని తొందరపెడుతున్నారా?" దీనికి "ప్రభుత్వం పాలసీ మార్చింది" అంటే సరిపోవడం లేదు.

నాకు మూడు విషయాలు కావాలి. ఒకటి, ముందే మొదలుపెడితే మేలని అమెరికా, యూరప్ లెక్కలతో కాకుండా మనలాంటి చోట్ల, టీబీ ఎక్కువగా ఉన్న చోట్ల ఎలా తేలింది? రెండు, "టెస్టు చేసిన రోజే మాత్ర" అన్నది అందరికీ వర్తిస్తుందా, ఎవరికి ఆపాలి? మూడు, మందుల సరఫరా, ల్యాబ్, కౌన్సెలింగ్ వైపు ఏం తప్పుతుంది? అనుభవ కథలు వద్దండి, పుస్తకంలో పెట్టగలిగే వివరాలు కావాలి.

---

లెక్కలపద్దు:

మోసమూ కాదు, తొందరా కాదు. అప్పటి మందులు వేరు, ధర వేరు, చేతిలో ఉన్న రుజువులు వేరు.

2000 ప్రాంతంలో పేటెంటు ఉన్న మందులతో ఒక మనిషికి ఏడాదికి పది వేల డాలర్లు దాటేది. 2001 ఫిబ్రవరిలో సిప్లా 350 డాలర్లకు ఇస్తామని ప్రకటించాకే పేద దేశాల్లో ప్రభుత్వ కార్యక్రమాల మాట గట్టిగా మొదలైంది. మన దేశంలో ఉచిత చికిత్స 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పుడు ఇచ్చే కాంబినేషన్లలో స్టావుడిన్ ఉండేది. కాళ్లు మంటలు, బుగ్గల్లో కొవ్వు కరిగి మొహం పీక్కుపోవడం, అరుదుగా రక్తంలో లాక్టిక్ యాసిడ్ పెరిగి ప్రాణం మీదికి రావడం, ఇవన్నీ దానివల్లే. ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషికి అలాంటి మందు ముందుగా ఎందుకివ్వాలి అన్న ప్రశ్నలో అప్పట్లో న్యాయం ఉంది. సరుకు తక్కువ, మంది ఎక్కువ. కాబట్టి చావుకు దగ్గరగా ఉన్నవాళ్లకు ముందు ఇచ్చారు.

ఆ లెక్కను గట్టిగా తిప్పికొట్టింది హైతీ. పోర్ట్-ఓ-ప్రిన్స్‌లోని గెస్కియో కేంద్రంలో సీడీ4 200 నుంచి 350 మధ్య ఉన్న 816 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు రెండు వారాల్లోపు మందులు. రెండో గుంపుకు అప్పటి నియమం ప్రకారమే, అంటే సీడీ4 200కి పడ్డాకో, ఎయిడ్స్ లక్షణం కనిపించాకో. ఆగిన గుంపులో 23 మంది చనిపోయారు, ముందు మొదలుపెట్టిన గుంపులో 6 మంది. కొత్తగా టీబీ వచ్చినవాళ్లు 36, 18. 2009లో పర్యవేక్షణ బోర్డు ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపించి అందరికీ మందులు ఇమ్మంది. ఎక్కువమంది చనిపోయింది నియమం తప్పిన గుంపులో కాదు, నియమాన్ని అక్షరాలా పాటించిన గుంపులో. మీ పాత పేషెంట్లకు ఈ ఒక్క మాట చెప్పినా చాలు.

తర్వాతది ఐవరీ కోస్ట్‌లో అబిజాన్ నగరంలో జరిగిన టెంప్రానో. 2,056 మంది, 30 నెలలు. ముందే మొదలుపెడితే తీవ్రమైన జబ్బులు 44 శాతం తగ్గాయి, సీడీ4 500 పైన ఉన్నవాళ్లలో కూడా. ఆ అధ్యయనంలోనే టీబీ రాకుండా ఆరు నెలల ఐసోనియాజిడ్ ఇచ్చినవాళ్లలో, ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల చికిత్స) సంగతి పక్కన పెట్టినా, తీవ్ర జబ్బులు 35 శాతం తగ్గాయి. ఈ రెండో సంగతిని చాలామంది వదిలేస్తారు, పుస్తకంలో వదలకండి. టీబీ అనేది సీడీ4 200కి పడేదాకా కాచుకుని కూర్చునే జబ్బు కాదు. 400, 500 ఉన్నప్పుడు కూడా పట్టుకుంటుంది. అందుకే టీబీ ఎక్కువున్న దేశాల్లో ముందు మొదలుపెట్టడం వల్ల వచ్చే లాభం ఎక్కువ.

మూడోది స్టార్ట్. 35 దేశాలు, 4,685 మంది, అందరికీ సీడీ4 500 పైనే. తీవ్ర ఘటనలు ముందు మొదలుపెట్టినవాళ్లలో 42, ఆగినవాళ్లలో 96. "57 శాతం తగ్గింది" అని పోస్టర్ల మీద వేస్తారు. నిజమే, కానీ ఒక్కో గుంపులో రెండు వేల మూడు వందల పైచిలుకు మంది ఉన్నారు. సుమారు మూడేళ్లలో వందకు నలుగురికి జరిగేది ఇద్దరికి జరిగింది. సీడీ4 700 ఉన్న మనిషితో "ఇవాళ మొదలుపెట్టకపోతే చచ్చిపోతావు" అనడం అబద్ధం. "నీకు లాభం చిన్నదైనా ఖాయం, నీ భార్యకో భర్తకో లాభం పెద్దది" అంటే నిజం. ఆ రెండో సగానికి ఆధారం హెచ్‌పీటీఎన్ 052 అనే అధ్యయనం: ఒకరికి హెచ్‌ఐవీ ఉండి ఇంకొకరికి లేని 1,763 జంటలు, మన చెన్నై, పుణె కేంద్రాలు కూడా అందులో ఉన్నాయి. 2011లో వెల్లడైన లెక్కలో, పార్ట్‌నర్ నుంచే వచ్చిందని జన్యు పరీక్షలో తేలిన 28 ఇన్ఫెక్షన్లలో ముందు మొదలుపెట్టిన గుంపుకు చెందినది ఒక్కటే.

మందులు మొదలుపెట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన సీడీ4 గీత 2010లో 350కి, 2013లో 500కి జరిగింది. 2015 సెప్టెంబరులో గీతే తీసేశారు. మన దేశంలో "అందరికీ చికిత్స" 2017లో వచ్చింది.

ఇంకొక్కటి. పాత పద్ధతిలో లెక్కకు రాని చావులు ప్రీ-ఏఆర్‌టీ రిజిస్టర్‌లో, అంటే ఇంకా మందులు మొదలుపెట్టనివాళ్ల పద్దులో ఉన్నాయి. "ఆరు నెలలకోసారి వచ్చి సీడీ4 చూపించుకో" అని పంపినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. వచ్చినప్పుడు మోసుకొచ్చారు. మందులు ఇవ్వాల్సిన స్థితిలో ఉన్నవాళ్లే తప్పిపోతారు. దక్షిణాఫ్రికాలో జరిగిన ర్యాపిట్ అధ్యయనంలో మామూలు పద్ధతిలో, అంటే పలుసార్లు రప్పించి కౌన్సెలింగ్ చేసి ఇస్తే, 90 రోజుల్లో మొదలుపెట్టినవాళ్లు 72 శాతం. ఒకే రోజు ఇస్తామంటే 97 శాతం.

---

రౌండ్స్_డ్యూటీ:

లెక్కలపద్దు గారు మొదటి ప్రశ్నకు చెప్పేశారు. రెండోదానికి నా జవాబు: ఒకే రోజు మొదలుపెట్టడం మామూలు పద్ధతి, కానీ మాత్ర చేతిలో పెట్టే ముందు తలనొప్పి గురించి అడిగి తీరాలి. అడగకుండా ఇస్తే ప్రాణం పోయే సందర్భం ఒకటుంది.

క్రిప్టోకాకస్ అనే ఫంగస్ మెదడు పొరల్లో ఉన్నప్పుడు వెంటనే ఏఆర్‌టీ మొదలుపెడితే, తిరిగొచ్చే రోగనిరోధక శక్తి అక్కడే మంట పెడుతుంది. పుర్రె లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో 177 మందిలో చూసిన కోట్ అధ్యయనంలో, ఒకటి రెండు వారాల్లో మొదలుపెట్టినవాళ్లలో 26 వారాలకు 45 శాతం చనిపోయారు, ఐదు వారాలు ఆగినవాళ్లలో 30 శాతం. కాబట్టి క్రిప్టోకాకల్ మెనింజైటిస్‌కు ఫంగస్ మందు ముందు, ఏఆర్‌టీ 4 నుంచి 6 వారాల తర్వాత. టీబీ మెనింజైటిస్‌కు టీబీ మందులు ముందు, ఏఆర్‌టీ 4 నుంచి 8 వారాల మధ్య. మెదడుకు సంబంధం లేని మామూలు టీబీ అయితే టీబీ మందులు మొదలుపెట్టి రెండు వారాల్లోపు ఏఆర్‌టీ ఇవ్వాలి. ఇక్కడ ఆగితేనే ప్రమాదం. కంబోడియాలో సీడీ4 200 లోపు ఉన్న 661 మంది టీబీ రోగుల్లో, రెండు వారాలకు మొదలుపెట్టినప్పుడు 18 శాతం చనిపోతే ఎనిమిది వారాలకు మొదలుపెట్టినప్పుడు 27 శాతం.

మొదటి రోజు పని ఈ వరసలో జరిగితే సాఫీగా ఉంటుంది. ముందు నాలుగు టీబీ ప్రశ్నలు: దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం. తర్వాత మెదడు ప్రశ్నలు: రోజులు గడుస్తున్నా తగ్గని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, మనిషి తికమకగా మాట్లాడటం, మెడ బిగుసుకుపోవడం. ఇవేమీ లేకపోతే బరువు తూచి, రక్తం తీసి, మాత్ర ఇవ్వొచ్చు. సీడీ4, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), హిమోగ్లోబిన్, హెపటైటిస్ బి రిపోర్టులు వచ్చేదాకా మాత్ర ఆపనక్కర్లేదు. మినహాయింపు: కిడ్నీ జబ్బు ముందే ఉందని తెలిసినవాళ్లు, చాలాకాలంగా షుగర్, బీపీ ఉన్నవాళ్లు. వీళ్లకు క్రియాటినిన్ చూశాకే ఏఆర్‌టీలో ఉండే టెనోఫోవిర్ మందు. దగ్గో జ్వరమో ఉండి మెనింజైటిస్ గుర్తులు లేకపోతే, టీబీ పరీక్ష వేగంగా చేయిస్తూనే ఏఆర్‌టీ మొదలుపెట్టొచ్చని 2021 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. "కఫం రిపోర్టు వచ్చాక రండి" అని పంపేస్తే మనిషి తప్పిపోతాడు.

అందరికీ మందులన్నాక సీడీ4 పరీక్ష అక్కర్లేదని కొన్నిచోట్ల ఆపేశారు. ఇది పెద్ద పొరపాటు. మందు ఎప్పుడు ఇవ్వాలో చెప్పడానికి ఇప్పుడు సీడీ4 అక్కర్లేదు గానీ, ఎవరు ప్రమాదంలో ఉన్నారో చెప్పేది ఇంకా అదే. ఇప్పటికీ సీడీ4 200 లోపు పడ్డాకే మొదటిసారి వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లు మొహం చూస్తే బాగానే కనిపించొచ్చు. 200 లోపు ఉంటే రక్తంలో క్రిప్టోకాకల్ యాంటిజెన్ (ఆ ఫంగస్ ఆనవాలు) చూడాలి. పాజిటివ్ వస్తే తలనొప్పి లేకపోయినా వెన్ను నీరు తీసి చూడాలి. వెన్ను నీరు శుభ్రంగా ఉంటే ఫ్లూకొనజోల్ రోజుకు 800 మిల్లీగ్రాములు రెండు వారాలు, తర్వాత 400 ఎనిమిది వారాలు, ఆపై 200 కొనసాగింపు. ఫ్లూకొనజోల్ ఇచ్చాం కదా అని వెన్ను నీరు మానేయడం, అక్కడే తప్పుతుంది. అప్పటికే మెనింజైటిస్ ఉన్న మనిషికి ఒక్క ఫ్లూకొనజోల్ ఏ మూలకూ చాలదు.

సీడీ4 100 లోపు ఉన్నవాళ్ల గురించి ఆఫ్రికాలో నాలుగు దేశాల్లో 1,805 మందితో రియాలిటీ అనే అధ్యయనం జరిగింది. ఏఆర్‌టీతో పాటు మొదటి రోజునుంచే కో-ట్రైమోక్సజోల్, 12 వారాలు ఐసోనియాజిడ్‌తో బి6, 12 వారాలు ఫ్లూకొనజోల్ 100 మిల్లీగ్రాములు, ఐదు రోజులు అజిత్రోమైసిన్, ఒక్క ఆల్బెండజోల్ ఇచ్చారు. 24 వారాలకు చావులు 12.2 శాతం నుంచి 8.9 శాతానికి దిగాయి. ఖరీదైన మందు ఇందులో ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ మందుల గదిలో దొరికేవే, వరస తెలిస్తే చాలు.

కార్యకర్తలకు ఐరిస్ (తిరిగొచ్చే రోగనిరోధక శక్తి రేపే మంట) గురించి రెండు వాక్యాలు రాయండి. మందులు మొదలుపెట్టిన మొదటి రెండు మూడు నెలల్లో జ్వరం, మెడలో గడ్డలు, కొత్తగా దగ్గు వస్తే "మందు పడలేదు" అని పేషెంటే మానేస్తాడు. సాధారణంగా అది లోపల దాక్కున్న జబ్బు బయటపడటం. ఏఆర్‌టీ ఆపకుండా అదే రోజు సెంటర్‌కు పంపాలి.

---

వేపచెట్టు_నీడ:

ఇద్దరికీ కృతజ్ఞతలండి. తలనొప్పి ప్రశ్న మా చిత్తులో అసలు లేదు, చేరుస్తాను. మందుల వైపు ఎవరైనా చెప్పగలరా? "టీఎల్‌డీ ఒక్క మాత్ర, చాలా తేలిక" అని అందరూ అంటారు. తేలికే అయితే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) ఎందుకు పెరుగుతోంది? గర్భిణుల సంగతి కూడా ఎవరైనా రాస్తే మేలు, డోలుటెగ్రావిర్ అంటే ఇంకా భయపడేవాళ్లున్నారు.

---

బాటిల్_మూత:

మాత్ర తేలికే. చిక్కంతా పక్కనుండే మాత్రలతో.

టీఎల్‌డీలో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. రోజుకొకటి, తిన్నా తినకపోయినా ఫరవాలేదు. చెప్పాల్సిన నాలుగు పేచీలు ఇవి.

రిఫాంపిసిన్. టీబీ కోర్సులో ఉండే ఈ మందు డోలుటెగ్రావిర్‌ను కాలేయంలో త్వరగా ఖర్చు చేసేస్తుంది. అందుకని టీబీ మందులు నడుస్తున్నన్నాళ్లూ టీఎల్‌డీ వేసుకున్న 12 గంటలకు విడిగా ఇంకో డోలుటెగ్రావిర్ 50 వేసుకోవాలి. టీబీ మందులు ఆపాక కూడా మరో రెండు వారాలు వేసుకోవాలి, ఎందుకంటే రిఫాంపిసిన్ ప్రభావం వెంటనే పోదు. తప్పు జరిగేది మూడు చోట్ల. టీబీ మందులు ఒక కిటికీలో, ఏఆర్‌టీ ఇంకో కిటికీలో ఇస్తారు, ఈ అదనపు మాత్ర ఎవరిదో తేలదు. రెండు డోలుటెగ్రావిర్‌లు కదా అని పేషెంటు రెండూ ఒకేసారి మింగుతాడు. టీబీ కోర్సు ముగిసిన రోజే అదనపు మాత్రా ఆపేసి, ఒక్కోసారి టీఎల్‌డీ కూడా ఆపేస్తాడు. అదనపు మాత్ర డబ్బా మీద "రాత్రి" అని పెద్ద అక్షరాలతో రాసివ్వండి.

క్యాల్షియం, ఐరన్, గ్యాస్ మందులు. గర్భిణులకు ఐరన్ మాత్రలు ఎలాగూ ఇస్తారు. ఇవి డోలుటెగ్రావిర్‌ను పేగులో పట్టుకుని రక్తంలోకి పోనివ్వవు. ఐరన్, క్యాల్షియం అయితే అన్నంతో కలిపి రెండూ ఒకేసారి వేసుకోవచ్చు. ఖాళీ కడుపున అయితే టీఎల్‌డీ రెండు గంటల ముందు, లేదా ఆరు గంటల తర్వాత. మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న తెల్ల టానిక్కుకు అన్నం మినహాయింపు లేదు, ఎడం పాటించాల్సిందే. ఒమెప్రజోల్‌తో ఇబ్బంది లేదు.

మెట్‌ఫార్మిన్. డోలుటెగ్రావిర్ వల్ల ఇది రక్తంలో పేరుకుంటుంది. రోజుకు 1,000 మిల్లీగ్రాములు దాటకూడదు. షుగర్ డాక్టరుకు హెచ్‌ఐవీ సంగతి చెప్పని పేషెంట్లు ఎక్కువ కాబట్టి వాళ్ల పాత చీటీ మనమే అడిగి చూడాలి.

క్రియాటినిన్. మొదటి నెలలో 0.1, 0.2 పెరగడం మామూలు. డోలుటెగ్రావిర్ కిడ్నీ గొట్టాల్లో క్రియాటినిన్ బయటికి పోయే దారిని కొంచెం మూస్తుంది. కిడ్నీ పాడవలేదు. ఇది తెలియక టెనోఫోవిర్ మార్చేస్తారు. అదే ఆ తర్వాత నెలల్లో క్రమంగా పెరుగుతూ పోతే, క్లియరెన్స్ (కిడ్నీ వడకట్టే వేగం) 50 కిందికి వస్తే, అప్పుడు నిజంగా ఆలోచించాలి. హెపటైటిస్ బి ఉన్న మనిషికి మాత్రం టీఎల్‌డీ ఉన్నట్టుండి ఆపితే కాలేయం వాచిపోవచ్చు. అందులో రెండు మందులు ఆ వైరస్‌ను కూడా అదుపులో పెడుతున్నాయి.

ఇక సరఫరా. "అందరికీ మందులు" అన్నప్పుడు స్టాకు ఎందుకు చాలదో ఒక ఉదాహరణ లెక్క. సెంటర్లో ఈ నెల 1,200 మంది ఉన్నారనుకోండి, నెలకు 40 మంది కొత్తగా చేరుతున్నారు. గత మూడు నెలల వాడకం 1,120, 1,160, 1,200 డబ్బాలు, సగటు 1,160. సగటు చూసి వచ్చే మూడు నెలలకు 3,480 పెడతారు. నిజంగా కావాల్సింది 1,240, 1,280, 1,320 కలిపి 3,840. 360 డబ్బాల లోటు. దాని మీద, నిలకడగా ఉన్న 600 మందికి ఒకే నెలలో మూడు నెలల మందులు ఇవ్వడం మొదలుపెడితే ఆ నెల 1,200 డబ్బాలు అదనంగా పోతాయి. మొత్తం వాడకం పెరగలేదు, ముందుకు జరిగింది అంతే, కానీ అల్మరా ఖాళీ అవుతుంది. కాబట్టి 600 మందినీ ఒకేసారి మార్చకుండా నెలకు 200 చొప్పున మార్చాలి. ఆర్డరు పాత వాడకం మీద కాదు, రాబోయే మనుషుల సంఖ్య మీద పెట్టాలి.

ధర సంగతి మనవాళ్లకు తెలియాలి. 2017 సెప్టెంబరులో పేద దేశాలకు ఏడాదికి 75 డాలర్లకు టీఎల్‌డీ అని ప్రకటించినప్పుడు తయారీకి ముందుకొచ్చిన రెండు కంపెనీలు అరబిందో, మైలాన్. మొదటిది హైదరాబాద్‌ది, రెండోదాని ఇక్కడి శాఖ ఒకప్పటి మన మ్యాట్రిక్స్ ల్యాబొరేటరీస్. 2023లో గ్లోబల్ ఫండ్ కొనుగోలు ధర 45 డాలర్ల లోపుకు దిగింది. "అందరికీ ఇవ్వడం సాధ్యమా" అన్న పాత వాదనకు ఆ ధరే జవాబు.

---

రెండో_శాంపిల్:

ల్యాబ్ వైపు ఒక హెచ్చరిక, ఎవరూ ఎత్తలేదు. ఒకే రోజు మొదలుపెట్టే చోట తప్పుడు పాజిటివ్‌కు కూడా జీవితకాలం మందులు పడిపోతాయి. పాత పద్ధతిలో నెలల తరబడి తిప్పేటప్పుడు ఎక్కడో ఒకచోట మళ్లీ పరీక్ష జరిగి బయటపడేది.

లెక్క చూడండి. నిజంగా నెగెటివ్ ఉన్నవాళ్లలో 99.5 శాతాన్ని నెగెటివ్ అనే మంచి కిట్టే అనుకుందాం. వందకు ఒకరికి హెచ్‌ఐవీ ఉన్న చోట వెయ్యి మందికి పరీక్ష చేస్తే నిజం పాజిటివ్‌లు పది, తప్పుడు పాజిటివ్‌లు ఐదు. అందుకే ఒకదానికొకటి సంబంధం లేని మూడు కిట్లలో పాజిటివ్ రావాలి. ఆ పైన, మందు మొదలుపెట్టే ముందు కొత్తగా తీసిన రెండో శాంపిల్‌తో మళ్లీ చూడాలి. పాత ట్యూబులోదే మళ్లీ పరీక్షిస్తే, చీటీలు తారుమారైన తప్పు పట్టుబడదు. అదే రోజు చేయొచ్చు, అరగంట పని.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ఇన్‌ఫెక్షన్ వచ్చిన తొలి వారాల్లోనే మందులు మొదలుపెట్టినవాళ్లలో యాంటీబాడీలు తక్కువగా తయారవుతాయి. ఏళ్ల తర్వాత ఎక్కడో ర్యాపిడ్ టెస్టు చేయించుకుంటే నెగెటివ్ రావచ్చు. "జబ్బు పోయింది" అని మందు ఆపేస్తారు. మందుల మీద ఉన్న మనిషికి యాంటీబాడీ టెస్టు మళ్లీ చేయకూడదని కార్యకర్తలకు గట్టిగా చెప్పండి.

సీడీ4 మెషిన్ లేని చోట 200 పైనా కిందా అని మాత్రం చెప్పే స్ట్రిప్ టెస్టు వచ్చింది, వేలి నుంచి 30 మైక్రోలీటర్ల రక్తం, 40 నిమిషాలు. క్రిప్టోకాకల్ స్ట్రిప్‌కు పది నిమిషాలు. మూత్రంలో టీబీ చూసే ల్యామ్ స్ట్రిప్‌కు 60 మైక్రోలీటర్లు వేసి 25 నిమిషాలకు చదవాలి. మరీ ఆలస్యంగా చదివితే లేని గీత కనిపించొచ్చు. ల్యామ్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ లేదని కాదు. సీడీ4 బాగా పడిపోయినవాళ్లలోనే అది బాగా పనిచేస్తుంది.

వైరల్ లోడ్‌కు తీసిన రక్తం నుంచి ప్లాస్మాను 24 గంటల్లో వేరుచేయాలి. శనివారం మధ్యాహ్నం తీసిన ట్యూబు సోమవారం దాకా బల్ల మీద ఉంటే ఆ రిపోర్టును నమ్మలేం.

---

గడప_దగ్గర:

వైరల్ లోడ్ ఎందుకు పెరుగుతోంది అన్నారు. మాత్రల పేచీలు బాటిల్_మూత గారు చెప్పారు. మిగతాది మనిషిది.

మలావిలో 2011లో గర్భిణులందరికీ సీడీ4 చూడకుండా జీవితకాలం మందులు మొదలుపెట్టారు. సీడీ4 మెషిన్లు చాలక తీసుకున్న నిర్ణయం అది. మూడు నెలలకు 1,257 మంది మొదలుపెట్టే చోట, ఏడాది తిరిగేసరికి అదే మూడు నెలలకు 10,663 మంది మొదలుపెట్టారు. గొప్ప విషయమే. అయితే జబ్బు ముదిరి మందులు మొదలుపెట్టినవాళ్లతో పోలిస్తే, ఈ గర్భిణులు మొదటి రోజు తర్వాత మళ్లీ మొహం చూపించకపోవడం ఐదింతలు. ఒంట్లో బాగున్న మనిషికి పరీక్ష, వార్త, మాత్ర, జీవితకాలం అన్న మాట, అన్నీ రెండు గంటల్లో జరిగిపోయాయి. తలూపి ఇంటికెళ్లి డబ్బా తీయలేదు.

కాబట్టి ఒకే రోజు అన్నది పేషెంటుకు ఉన్న హక్కు, మన టార్గెట్ కాదు. ఇవాళ వద్దంటే ఏడు రోజుల్లోపు తేదీ ఇచ్చి, మధ్యలో ఒక ఫోను. మొదటి రోజు కౌన్సెలింగ్‌లో వైరస్ బొమ్మలన్నీ అక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు చాలు: రోజూ తప్పకుండా చేసే పని ఏ వేళకు ఉంది, డబ్బా ఇంట్లో ఎక్కడ పెడతావు, ఎవరు చూస్తే ఇబ్బంది, వచ్చే నెల పనికి వేరే ఊరు వెళ్తావా. మిరప కోతలకు, ఇటుక బట్టీలకు, చేపల వేటకు పోయేవాళ్లకు ఆ చివరి ప్రశ్నే అసలుది. వెళ్లే ఊరికి మందులు చాలినన్ని ఇవ్వాలి, లేదా అక్కడి సెంటర్‌కు రాసివ్వాలి.

డబ్బా కదిపితే గలగలమంటుంది. ఉమ్మడి ఇంట్లో, బస్సులో ఆ చప్పుడు పెద్ద భయం. కొందరు మాత్రలు కాగితంలో పొట్లం కడతారు, తేమకు పాడవుతాయి. లోపలున్న తేమ పీల్చే చిన్న సంచి తీయకుండా, పైన ఇంత శుభ్రమైన దూది పెట్టుకోమంటే సరిపోతుంది.

మరిచిపోయిన మాత్ర గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి. మర్నాటి వేళ దాదాపు అయిపోతే వదిలేయాలి, రెండు కలిపి కాదు. మందు మొదలుపెట్టిన ఆరో నెలలో వైరల్ లోడ్. 1,000 దాటితే తిట్టడం కాదు, ఏం అడ్డొస్తోందో కనుక్కుని, సరిచేసి, మూడు నెలలకు మళ్లీ చూడటం. కనిపించనంతగా తగ్గి అలాగే ఉంటే లైంగికంగా ఇంకొకరికి సోకదు. ఒంట్లో బాగున్న మనిషిని మాత్ర దగ్గర నిలబెట్టే మాట నాకు తెలిసినంతలో ఇదొక్కటే, సీడీ4 అంకె కాదు.

రానివాళ్లను వెతకడానికి ఇంటికి వెళ్లేముందు, మొదటి రోజే తీసుకున్న అనుమతి చూడండి. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మనిషి ఒప్పుకోకుండా సంగతి బయటపెట్టడం ఆ చట్టానికి విరుద్ధం. గుమ్మంలో అత్తగారు ఎదురైతే ఏ పేరు, ఏ పని చెప్పాలో పేషెంటుతోనే ముందు ఖాయం చేసుకోవాలి.

---

రౌండ్స్_డ్యూటీ:

గర్భిణుల భయం గురించి. 2018 మేలో బోట్స్వానాలో జరుగుతున్న సెపామో పరిశీలనలో, గర్భం దాల్చేటప్పటికే డోలుటెగ్రావిర్ మీద ఉన్న 426 మందిలో నలుగురు బిడ్డలకు వెన్నెముక, మెదడు లోపాలు కనిపించాయి. అందరూ ఉలిక్కిపడ్డారు. కాన్పుల సంఖ్య పెరిగేకొద్దీ ఆ తేడా కరిగిపోయింది. 2019 జులైలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆడవాళ్లతో సహా అందరికీ దీన్నే మొదటి ఎంపికగా చెప్పింది. గర్భిణికి హెచ్‌ఐవీ తేలితే ఎన్నో నెల అయినా టీఎల్‌డీ మొదలుపెట్టాలి. నెలలు నిండుతున్నకొద్దీ ఒక్కో రోజుకు విలువ ఎక్కువ. డోలుటెగ్రావిర్ వైరస్‌ను వేగంగా దించుతుంది కాబట్టే ఆలస్యంగా వచ్చిన తల్లికి అది మరీ అవసరం.

ముందే మొదలుపెట్టడం అన్న మాటకు అన్నిటికన్నా బలమైన రుజువు పసిపిల్లల్లోనే ఉంది. దక్షిణాఫ్రికాలో చెర్ అధ్యయనం: పైకి బాగానే ఉన్న, పన్నెండు వారాల లోపు పాపాయిలు. ఆగితే 16 శాతం, వెంటనే మొదలుపెడితే 4 శాతం చనిపోయారు. బిడ్డకు ఆరో వారంలో డీఎన్‌ఏ పరీక్ష. యాంటీబాడీ టెస్టు పనికిరాదు, తల్లి యాంటీబాడీలే కనిపిస్తాయి. పెంటావాలెంట్ టీకా మొదటి డోసు కూడా ఆరో వారమే కాబట్టి టీకా కార్డు చూసిన ఆశా కార్యకర్త ఈ పరీక్షను గుర్తుచేయగలదు. పాజిటివ్ వస్తే రెండో శాంపిల్ తీసి, ఆ రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలు.

---

బాటిల్_మూత:

పిల్లల మాత్ర గురించి కూడా చేర్చండి. అబాకవిర్ 60, డోలుటెగ్రావిర్ 5, లామివుడిన్ 30 కలిపిన కరిగే మాత్ర 6 నుంచి 10 కిలోల లోపు బిడ్డకు రోజుకు మూడు, 10 నుంచి 14 లోపు నాలుగు, 14 నుంచి 20 లోపు ఐదు, 20 నుంచి 25 లోపు ఆరు. మూడు మాత్రలకు 15 మిల్లీలీటర్ల శుభ్రమైన నీళ్లు, అంతకంటే ఎక్కువైతే 20. పూర్తిగా కరిగాక అరగంటలోపు తాగించి, గిన్నెలో అడుగంటింది ఇంకొన్ని నీళ్లతో తొలిచి అదీ తాగించాలి. సీసా నిండా పాలల్లో కలిపితే బిడ్డ సగం తాగి వదిలేస్తుంది, ఎంత మందు లోపలికి పోయిందో తెలియదు. ఇక ఎక్కువగా జరిగే తప్పు: ఆరు కిలోలప్పుడు రాసిన మూడు మాత్రలే పన్నెండు కిలోలకు కూడా నడుస్తుంటాయి. ప్రతిసారీ బిడ్డను తూచాకే చీటీ రాయాలి, పాత చీటీ చూసి కాదు.